హద్దు విల్లుకా, మనిషికా?

బోర్డు ఉండదు. పేకముక్కలు ఉండవు. ఎవరు గెలిచారు, ఎవరు ఓడారు అన్న లెక్కా ఉండదు. నలుగురైదుగురు టేబుల్ చుట్టూ కూర్చుని తలా ఒక పాత్ర తీసుకుంటారు. ఒకరు కథ చెబుతుంటే మిగతావాళ్లు ‘అప్పుడు నేనిలా చేశాను’ అంటూ దాన్ని ముందుకు నడుపుతారు. పేరు డన్‌జన్స్ అండ్ డ్రాగన్స్. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు తయారుచేసిన ఆట. ఇప్పటి పిల్లలు పొట్టిగా ‘డీ అండ్ డీ’ అంటారు.

ఈ ఆటలో ఏళ్ల తరబడి తెగని తగవు ఒకటుంది. పెద్ద విల్లు లాగాలంటే పాత్రకు ఇంత బలం ఉండాలని నియమం పెట్టాలా, అక్కర్లేదా? వినడానికి ఇదో సమస్యా అనిపిస్తుంది కదూ. మా ఇంట్లో మాత్రం ఈ తగవు మూడు ఆదివారాలు నడిచింది. ఒక దశలో మా అమ్మాయి ఆట ఒక్కటే కాదు, ఇంకోటి కూడా మానేస్తానంది. అందుకే రాస్తున్నాను.

మా అన్నయ్య కొడుకు బెంగళూరులో ఉద్యోగం చేసినప్పుడు ఈ ఆట అంటించుకున్నాడు. హైదరాబాద్ వచ్చాక మాకు అంటించాడు. వాడే కథ చెబుతాడు, వాడి మాటే తీర్పు. ఆట భాషలో డన్‌జన్ మాస్టర్ అంటారు. ఆడేది వాడి స్నేహితులిద్దరు, ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయి, నేను. వారమంతా బ్యాంకులో అంకెలతో కుస్తీ పడతావు, ఆదివారం కూడా మళ్లీ అంకెలేనా అని మా ఆయన నవ్వుతారు. నిజమే, ఇది అంకెల ఆటే. ప్రతి పాత్రకూ బలం, చురుకుదనం, దేహదారుఢ్యం, తెలివి, వివేకం, ఆకర్షణ అని ఆరు గుణాలు. మామూలు మనిషికి ఏ గుణమైనా 10 దగ్గర ఉంటుంది. 18 ఉంటే ఆ విషయంలో వాడిక మొనగాడే. కష్టమైన పని ఏది చేయాలన్నా ఇరవై ముఖాల పాచిక వేసి, గుణాన్ని బట్టి వచ్చే అంకె దానికి కలుపుతాం.

మా అమ్మాయి పాత్ర ఒక ఎల్ఫ్. ఎల్ఫ్ అంటే మన కథల్లో గంధర్వులలాంటి జాతి అనుకోండి. చురుకుదనం 17, బలం 8. చేతిలో నిలువెత్తు విల్లు. మేం ఆడేది 2014లో వచ్చిన అయిదో ఎడిషన్. అందులో విల్లుకు చురుకుదనమే అన్నీ. గురి దానితోనే, దెబ్బ దానితోనే. బలం ఊసే లేదు.

ఒక ఆదివారం మా మేనల్లుడి స్నేహితుడు దీన్నే పట్టుకున్నాడు. “ఆంటీ, మీరే చెప్పండి. లోహపు కవచం తొడుక్కోవాలంటే బలం 15 ఉండాలని పుస్తకం రాసింది. లేకపోతే నడక మందగిస్తుందట. కవచానికి ఒక న్యాయం, విల్లుకు ఒక న్యాయమా? ఎనిమిది బలంతో అంత విల్లు ఎలా లాగుతుంది?” అన్నాడు. పెద్ద విల్లుకు బలం 15 ఉండాలి, లేకపోతే ముట్టుకోకూడదు అని కొత్త నియమం పెట్టమన్నాడు. అంతటితో ఆగినా బాగుండేది. “పాత పుస్తకంలో అయితే ఆడపాత్రల బలానికి సీలింగే ఉండేది తెలుసా?” అన్నాడు. వెటకారమేమీ లేదు, ఏదో తెలిసిన విశేషం చెప్పినట్టే చెప్పాడు.

అమ్మాయి ఏమీ అనలేదు. పాత్ర వివరాలు రాసుకున్న కాగితం మడిచి సంచిలో పెట్టేసింది. రాత్రి పడుకునేముందు మాత్రం, “అమ్మా, గ్రౌండ్‌కి కూడా రేపట్నుంచి వెళ్లనులే” అంది.

గ్రౌండ్ సంగతి చెప్పలేదు కదా. అదే ఏడాది తను నిజం విల్లు పట్టుకుంది. ఇంటికి దగ్గర్లోని ఆర్చరీ కోచింగ్‌లో చేరింది. సార్ తనకు 16 పౌండ్ల విల్లు ఇచ్చారు. అదే నెలలో చేరిన అబ్బాయి ఒకడు అప్పటికే 24 దాకా వెళ్లాడు. తను ఇంకా 16 దగ్గరే ఉంది. ఇంటా బయటా ఒకే మాట వినబడినట్టయింది పాపం దానికి: నీకంత బలం లేదు.

పౌండ్లు అంటే విల్లు తూకం కాదు. తాడును 28 అంగుళాల దాకా లాగి పట్టుకుంటే చేతిమీద ఎంత బరువు పడుతుందో ఆ లెక్క. 16 పౌండ్లంటే సుమారు ఏడుంపావు కేజీలు. వినడానికి తక్కువే. రెండు వేళ్లు, మూడు వేళ్లతో దాన్ని గడ్డం కిందికి లాగి, ఊపిరి బిగబట్టి, చెయ్యి వణక్కుండా గురి చూడమనండి. అదీ రోజుకు వందసార్లు.

అసలు ఈ తగవులో న్యాయం ఎటుందో చూడాలంటే ముందు విల్లు ఎలా పనిచేస్తుందో చూడాలి. గొడ్డలికి, గదకు ఎత్తినవాడి బలమే బలం. ఎంత జోరుగా కొడితే దెబ్బ అంత. విల్లు అలా కాదు, అదొక స్ప్రింగు. లాగేటప్పుడు మన శ్రమను దాచుకుంటుంది, వదలగానే బాణానికి ఇచ్చేస్తుంది. మా బ్యాంకు భాషలో చెప్పాలంటే వేసిన డిపాజిట్టే తిరిగొస్తుంది, వడ్డీ రాదు. పైగా అందులో కొంత విల్లు తన కొమ్మలు కదలడానికే ఖర్చు పెట్టుకుంటుంది. ముప్ఫై పౌండ్ల విల్లును ఒక కుర్రాడు, ఒక పహిల్వాను సరిగ్గా ఒకే దూరం లాగి వదిలితే, అదే బాణం ఇద్దరి చేతుల్లోంచీ ఒకే వేగంతో పోతుంది. పహిల్వాను దగ్గరున్న మిగతా బలమంతా భుజంలోనే ఉండిపోతుంది. అంటే విల్లుకు రెండు వైపులా హద్దుంది. బలం చాలనివాడు దాన్ని పూర్తిగా లాగలేడు. బలం ఎక్కువైనవాడికి అది అదనంగా ఏమీ ఇవ్వదు.

ఇక ఆ కుర్రాడి మొదటి మాట. ఎనిమిది బలంతో పెద్ద విల్లు లాగడం కష్టమన్నది నిజమే. దానికి సముద్రంలోంచి వచ్చిన సాక్ష్యమే ఉంది. ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీ యుద్ధనౌక మేరీ రోజ్ 1545లో ఆ దేశపు దక్షిణ తీరంలో మునిగిపోయింది. 1982లో దాన్ని పైకి తీశారు. అందులో యూ కర్రతో చేసిన విల్లులు 137 చెక్కుచెదరకుండా దొరికాయి. ఒక్కోటి మనిషికన్నా ఎత్తు. వాటిని లాగడానికి 100 నుంచి 185 పౌండ్ల దాకా బలం కావాల్సి ఉండేదని అంచనా. కేజీల్లో 45 నుంచి 84. సిమెంటు బస్తా 50 కేజీలు. ఆ బస్తాను చేతులు చాచి లాగి పట్టుకుని గురి చూడటం లాంటిదన్నమాట. ఓడలో దొరికిన కొన్ని అస్థిపంజరాల్లో భుజం ఎముక కొన పూర్తిగా అతుక్కోకుండా మిగిలిపోయింది. చిన్నప్పటినుంచీ బరువైన విల్లులు లాగడమే అందుకు కారణం కావచ్చని పరిశోధకులు భావించారు.

‘చిన్నప్పటినుంచీ’ అన్న మాట దగ్గర ఒక్కసారి ఆగాలి. అదే శతాబ్దంలో హ్యూ లాటిమర్ అనే ఇంగ్లిష్ మతాచార్యుడు ఉండేవాడు. 1549లో రాజు ఎదుట చేసిన ప్రసంగంలో తన బాల్యం చెప్పుకొచ్చాడు. వాళ్ల నాన్న తన వయసుకూ బలానికీ తగిన విల్లు కొనిచ్చేవాడట. తను పెరిగేకొద్దీ విల్లూ పెద్దదవుతూ వచ్చిందట. చేతి బలంతో కాదు, ఒళ్లంతా విల్లులో పెట్టి లాగడం నేర్పాడట. దాదాపు అయిదు వందల ఏళ్ల కిందటి మాట. మా అమ్మాయి సార్ చెప్పేదీ ఇదే. “చేత్తో లాగకమ్మా, వీపుతో లాగు” అని రోజూ అరుస్తుంటారు.

ఇప్పుడు ఆ కుర్రాడి రెండో మాట, ఆడపాత్రల సీలింగ్. అదీ నిజమే. 1978లో వచ్చిన అడ్వాన్స్‌డ్ డన్‌జన్స్ అండ్ డ్రాగన్స్ పుస్తకంలో జాతినిబట్టి, ఆడా మగా తేడానిబట్టి బలానికి పైహద్దులతో ఒక పట్టిక ఉంది. యోధుడికి బలం 18 వస్తే, ఇంకా పైన నూరు వంతుల లెక్క ఒకటి ఉండేది. మగవాడు ఆ నూరుకూ వెళ్లొచ్చు. ఆడది యాభై దగ్గర ఆగిపోవాలి. ఎల్ఫ్ స్త్రీకైతే 16తోనే సరి. ఎంత ఆడినా, ఎన్ని రాక్షసుల్ని చంపినా పట్టిక ప్రకారం అంతే. 1989లో వచ్చిన రెండో ఎడిషన్ ఆడా మగా తేడాతో పెట్టిన ఆ హద్దును తీసేసింది. తీసేసి ఇన్నేళ్లయినా కబుర్లలో ఎక్కడో ఒకచోట అది తేలుతూనే ఉంటుంది. ఆ ఆదివారం మా టేబుల్ మీద తేలినట్టు.

మరి హద్దులన్నీ తప్పేనా? కాదు. ఇదే ఆటలో 2003 నాటి 3.5 ఎడిషన్ విల్లు సంగతి ఎంత బాగా తేల్చిందో చూడండి. అందులో కాంపోజిట్ విల్లులని ఉంటాయి. ప్రతి విల్లుకూ దాని బలం అంకె దానికే ఉంటుంది. మామూలు కాంపోజిట్ పెద్ద విల్లు ధర 100 బంగారు నాణేలు. బలం అంకె ఒక్కోటి పెరిగితే మరో 100. అంటే +3 విల్లు కావాలంటే 400 నాణేలు పోయాలి. మీ బలం ఆ అంకెకు సరిపోతే బాణం దెబ్బకు అది పూర్తిగా కలుస్తుంది. మీకు అంతకన్నా బలం ఉన్నా విల్లు తన అంకె దాటి ఇవ్వదు. బలం తక్కువైతే? ముట్టుకోవద్దని ఎవరూ అనరు. గురిలో రెండు తగ్గుతాయి, అంతే. విల్లుకు రెండు వైపులా హద్దుందని ఇందాక అనుకున్నాం కదా, అచ్చం అదే. గర్ప్స్ అనే ఇంకో ఆటలోనూ విల్లుకే ఒక బలం అంకె ఉంటుంది. బాణం ఎంత దూరం పోతుందన్నది దాన్నిబట్టే.

ఈ రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టుకుని చూస్తే నాకు తేడా తెలిసింది. 1978 పట్టిక మనిషి మీద అంకె వేసింది. 2003 పుస్తకం విల్లు మీద అంకె వేసింది. మొదటిది ‘నువ్వు ఫలానా కాబట్టి ఇంతే’ అంటుంది. రెండోది ‘ఈ విల్లు ఇంత అడుగుతుంది, ఎప్పుడొస్తావో నీ ఇష్టం’ అంటుంది. రెండింటినీ బలం హద్దు అనే పిలుస్తాం. కానీ ఒకటి తలుపు మూసేస్తుంది, ఇంకోటి తలుపు ఎంత ఎత్తులో ఉందో చెబుతుంది. ఆ కుర్రాడు అడిగిన ‘15 లేకపోతే ముట్టుకోకూడదు’ ఈ రెండింటి మధ్యలో ఎక్కడో వేలాడుతోంది.

విల్లుతో బలం పరీక్ష మనకేం కొత్త కాదు. శివధనుస్సును తేవడానికి వేలమంది కావాల్సొచ్చిందని రామాయణం. దాన్ని ఎక్కుపెట్టలేక రాజులు తలలు వంచుకున్నారు. ద్రౌపది స్వయంవరంలోనూ అంతే. గ్రీకుల కథలో ఒడిసియస్ విల్లుకు తాడు కట్టలేక పెళ్లికొడుకుల గుంపు మొత్తం చేతులెత్తేసింది. ఈ కథలన్నింట్లో పరీక్ష విల్లుదే. వచ్చి ప్రయత్నించు అంటుంది, అంతే. మన పెద్దవాళ్లు చెప్పే ఇంకో ముచ్చట ఉంది. ఆ శివధనుస్సు ఉన్న పెట్టెను సీతమ్మ చిన్నప్పుడు ఆటలో పక్కకు జరిపేసిందట. 1978 పట్టిక రాసినవాళ్లకు మా నాయనమ్మ ఈ కథ చెప్పి ఉండాల్సింది.

మర్నాడు నేనే అమ్మాయిని గ్రౌండ్‌కు తీసుకెళ్లాను. ఇష్టం లేకపోతే నువ్వు ఆడక్కర్లేదు, విల్లు తిరిగి ఇచ్చేసి వద్దాం అన్నాను. బీరువాలో పెట్టేముందు విల్లు కొమ్మలు విప్పుతుంటే చూశాను. కింది కొమ్మ లోపలివైపు చిన్న అక్షరాలతో ‘66-16’ అని ఉంది. 66 అంగుళాల పొడవు, 16 పౌండ్లు. “ఇది ఎవరి అంకె?” అని అడిగాను. “విల్లుది” అంది. “నీ ఒంటిమీద ఎక్కడైనా ఉందా?” అంటే నవ్వింది. సార్ అది విని దగ్గరికొచ్చి, బరువైన విల్లు తొందరపడి పట్టుకుంటే భుజం పాడవుతుందని, వణికే చేతికి గురి రాదని, లాగడం కన్నా లాగి నిలబెట్టడం కష్టమని చెప్పారు. ఒలింపిక్స్‌లో పురుషులే 50 పౌండ్లకు అటూ ఇటూగా వాడతారట. 70 మీటర్ల దూరంలో, పన్నెండు సెంటీమీటర్ల వలయంలో బాణం పడాలి కాబట్టి. ఆ రోజు విల్లు బీరువాలోకి వెళ్లలేదు.

తర్వాతి శనివారం మా మేనల్లుడి స్నేహితుడే గ్రౌండ్‌కు వస్తానన్నాడు. జిమ్‌కు వెళ్లే కుర్రాడు, మంచి కండలున్నాయి. సార్ 38 పౌండ్ల విల్లు చేతికిచ్చి, బాణం లేకుండా లాగి చూడమన్నారు. ఖాళీగా మాత్రం వదలొద్దు, విల్లు విరుగుతుంది, మెల్లగా వెనక్కి తీసుకెళ్లమన్నారు. లాగడం బాగానే లాగాడు. మూడు లెక్కపెట్టేలోపు ముంజేయి గజగజ. “ఆంటీ, ఇది జిమ్‌లో బరువు ఎత్తడంలా లేదు” అన్నాడు. మా అమ్మాయి తన 16తో పది అంకెలు లెక్కపెట్టేదాకా కదలకుండా నిలబడింది. గొప్పకు చూపించలేదు. అలవాటు ప్రకారం నిలబడింది.

అక్కడే మా విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ ప్రస్తావన వచ్చింది. 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో ఆవిడ మూడు స్వర్ణాలు తెచ్చారు. ఆవిడ వాడేది కాంపౌండ్ విల్లు. దానికి కప్పీల్లాంటి చక్రాలుంటాయి. పూర్తిగా లాగాక చేతిమీద బరువు బాగా తగ్గిపోతుంది. ఆ విల్లుకు పోటీల్లో 60 పౌండ్లు దాటకూడదని హద్దు ఉంది. చూశారా, అక్కడా హద్దు విల్లుకే.

మూడో ఆదివారం మా మేనల్లుడు తీర్పు చెప్పాడు. చిన్న విల్లుకు ఏ అంకే లేదు. పెద్ద విల్లుకు బలం 10 కావాలి. తక్కువైతే గురిలో రెండు పోతాయి. కొనుక్కోగలిగితే ఇంకా గట్టి విల్లులున్నాయి, 12 అడిగేవి, 14 అడిగేవి. వాటికి దెబ్బ ఎక్కువ. రెండో స్నేహితుడికి ఇది నచ్చలేదు. “ఆకాశంలో ఎగిరే డ్రాగన్ బరువెంతో, దాని రెక్కలు ఆ బరువు మోస్తాయో లేదో ఎవరూ అడగరు. ఒక్క విల్లుకే లెక్కలా? పైగా విలుకాడికి రెండు గుణాలు కావాలంటే కత్తివాడికి ఒకటే చాలు కదా” అన్నాడు. వాదన సరైనదే. 2024లో వచ్చిన కొత్త పుస్తకం కూడా బరువైన విల్లుకు చురుకుదనం 13 ఉందా అనే అడుగుతుంది, బలం అడగదు. కాబట్టి అలా ఆడుకునేవాళ్లతో నాకు పేచీ లేదు. మా టేబుల్‌కు మాత్రం అంకె విల్లు మీదుంటే ఆట రుచి పెరిగింది. కోరుకోవడానికి ఒకటి దొరికింది.

నియమం అందరికీ ఒకటే కాబట్టి ఎదురు కూడా తగిలింది. మొదట తగవు పెట్టిన కుర్రాడి వీరుడికి బలం 18. 14 అడిగే విల్లు కొనుక్కొచ్చాడు. చురుకుదనం 8 కావడంతో బాణాలన్నీ చెట్లకే తగిలాయి. మళ్లీ గొడ్డలికే వచ్చాడు.

మా అమ్మాయి ఎల్ఫ్ కొన్నాళ్లు చిన్న విల్లుతోనే తిరిగింది. పాత్ర నాలుగో మెట్టుకు చేరినప్పుడు, గుణాలకు రెండు అంకెలు కలుపుకునే అవకాశం వస్తుంది. లెక్క తెలిసినవాళ్లెవరైనా చురుకుదనంలో ఒకటి వేసి 17ను 18 చేసుకుంటారు. గురి, దెబ్బ రెండూ పెరుగుతాయి. “ఆలోచించు” అన్నాడు మా మేనల్లుడు. అది ఆలోచించలేదు. రబ్బరుతో 8 చెరిపి 10 రాసింది. “అంత నష్టపోయి ఎందుకే?” అన్నాడు. “నష్టం ఏముంది బావా? ఆ విల్లు నాది. దాన్ని వదిలేసి వచ్చాను కదా, వెళ్లి తెచ్చుకోవాలి” అంది.

గ్రౌండ్‌లో 16 నుంచి 20కి రావడానికి దానికి అయిదు నెలలు పట్టింది. ఆ 24 పౌండ్ల అబ్బాయి ఇప్పుడు 28లో ఉన్నాడు. ఇద్దరూ పక్కపక్కనే నిలబడి వేస్తారు. ఎవరి బాణాలు వాళ్లు ఏరుకుంటారు. ‘66-16’ అని రాసున్న కొమ్మల్ని మొన్ననే ఆరో తరగతి పాప ఒకతె తీసుకుంది. తాడు ఎలా ఎక్కించాలో మా అమ్మాయే చూపించింది. “బరువుగా ఉందక్కా” అందట ఆ పాప. “అవును, ఉంటుంది” అని చెప్పిందట మాది.